మోసేవాడు ముడి విప్పకూడదు

మా ల్యాబ్ సార్ పోయారు. మొన్న పొద్దున వడమాలపేటలో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగిపోయిందని నాతోపాటు చదివిన అమ్మాయి ఫోన్ చేసింది. "పడిపోయినప్పుడు గూడా సేతిలో క్యారియర్ ఉండాదంట" అని ఏడ్చింది. ఆ క్యారియర్ ఎవరిదో నేను అడగలేదు. ఆయనది కాదని మాత్రం తెలుసు.

నిన్న కాలేజీలో సంతాప సభ. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా కరస్పాండెంట్‌కి చేటంతగా కనిపించాయి. "మా సంస్థకు వెన్నెముక" అన్నాడు మైకులో. ఆ వెన్నెముకను ల్యాబ్‌లోంచి పీకి కాలేజీ బస్సుల్లో పిల్లల తలలు లెక్కపెట్టే పనికి వేసింది ఈ మహానుభావుడే. ఆ సంగతి ఆయన చెప్పలేదు. నాకు మైకు ఇవ్వలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

సార్ వడమాలపేట నుంచి తొమ్మిది గంటల బస్సులో వచ్చేవారు. మా ఆఫీసు సూపరింటెండెంట్‌దీ అదే ఊరు. అతను పెందలాడే వచ్చేస్తాడు, వాళ్ళింట్లో అన్నం తర్వాత ఉడుకుతుంది. గుడ్డలో మూటకట్టిన ఆ క్యారియర్‌ను సారే తెచ్చేవారు. ఒకసారి సాంబారు కారి చొక్కా అంతా పసుపైంది. ముడి మాత్రం విప్పలేదు. అలాగే క్లాసుకొచ్చి, క్యారియర్ ఎత్తి చూపించి పాఠం మొదలుపెట్టారు.

"ప్రాక్సీ అంటే నేనే. హాస్టల్లో మీ కంప్యూటర్ నేరుగా బయటికి పోలేదు. మీరు రాసింది ఈ ల్యాబ్ మిషన్‌కి ఇస్తాది. ఇది తీసకపోయి ఆడ ఇస్తాది, జవాబు తెచ్చి మీకిస్తాది. ఈ గుడ్డా ముడీ ఉండాయే, అదే ఎన్‌క్రిప్షన్. దోవలో ఎవురూ తొంగి సూడకుండా. మోసేవాడు ముడి విప్పకూడదు, అంతే."

"సెట్టింగుల్లో అది ఆప్షనల్ అనుంది, అవసరం లేదా సార్?" అన్నాడొకడు.

"గుడ్డలు కట్టుకునేది గూడా ఆప్షనలే రా. రేపు కట్టుకోకుండా రా, సూద్దాం."

మూడో సంవత్సరంలో మా గదిలో ఉండే అమ్మాయికి జ్వరం ముదిరితే వార్డెన్ గేటు తీయలేదు. తెల్లారేసరికి ఆ పిల్లకు స్పృహ లేదు. బతికిందంటే దాని ఆయుష్షు గట్టిది, వార్డెన్ దయ కాదు. నేను పేరు రాయకుండా యూనివర్సిటీ వెబ్‌సైటులో ఫిర్యాదు చేశాను. పాతకాలపు పేజీ, దానికి తాళం లేదు, అంటే సొంత ఎన్‌క్రిప్షన్ లేదు. హాస్టల్ నుంచి ల్యాబ్‌దాకా సార్ వేసిన ముడే దానికి కాపలా. విచారణ వాళ్ళు అదే పేజీలో ఇంకా వివరాలు అడిగారు. నేను మళ్ళీ రాయాలి. మా నాయన పూతలపట్టు మండీలో మామిడికాయలు లారీలకెత్తే కూలీ. దొరికిపోతే టీసీ చేతిలో పెడతారు, నా చదువు అంతటితో సరి.

పిల్ల చావబోయినప్పుడు కదలని యాజమాన్యం ఫిర్యాదు ఎవరిదో తెలుసుకోవడానికి మాత్రం ఉరుకులు పెట్టింది. హాస్టల్ తీగ ఆఫీసు మీదుగానే ల్యాబ్‌కి వస్తుంది, ముడి లేకపోతే మేం రాసేది ఆఫీసులోనే చదివేయొచ్చు. సూపరింటెండెంట్ ల్యాబ్‌కొచ్చి, మా అందరి ముందే, "ఆ ఎన్‌క్రిప్షన్ తీసేయండి సార్, నెట్ స్పీడవుతాది" అన్నాడు. కంప్యూటర్ ఆపాలంటే ప్లగ్గు పీకే మనిషికి స్పీడు మీద బెంగ! సార్ నవ్వి తన పనిలో పడ్డారు. "పోనీ, మీ మిషన్‌లోనే సూసి ఎవురో సెప్పండి. కరస్పాండెంట్ గారి మాట" అన్నాడు ఈసారి.

సార్ కుర్చీలోంచి లేవలేదు. "రోజూ నీ క్యారియర్ తెస్తా ఉండా గదప్పా. ఏ పొద్దన్నా మూత తీసి సూసినానా?"

ఆ వారమే ల్యాబ్ తాళాలు లాక్కున్నారు. ఎన్‌క్రిప్షన్ తీసేశారు. అప్పటికే నా రెండో ఫిర్యాదు చేరిపోయింది. వార్డెన్ మారింది, గేటు తాళం అమ్మాయిలకు అందే చోటికొచ్చింది. నేను చదువు ముగించాను. ఇవాళ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి నెట్‌వర్క్ చూస్తున్నాను.

ఫలితాలొచ్చిన రోజు బస్సు దగ్గర సార్‌ను పట్టుకుని, "సార్, ఆ ఫిర్యాదు..." అని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టారు. "ఎవురు రాసినారో నాకు తెల్దు. నువ్వు సెప్పొద్దు. ఇన్నాళ్ళు మోసినాక ఇప్పుడు విప్పేదేంది అమ్మా?" నా కృతజ్ఞత నా నోట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది, మింగుడు పడడం లేదు. ఆ రోజూ ఆయన చేతిలో సూపరింటెండెంట్ క్యారియరే. నాకు ఒళ్ళు మండి, "ఇంకా వాడికి మోస్తారా సార్?" అన్నాను.

"అన్నం ఏం పాపం సేసిందమ్మా?"

ఆయన మనసు పెద్దది. నాది కాదు, కావాలని కూడా లేదు.

నిన్న సభలో సార్ ఫోటో పక్కన ఆ క్యారియర్ పెట్టారు. బస్టాపులో ఎవరో గుర్తుపట్టి కాలేజీకి చేర్చారట. ఆకుపచ్చ గుడ్డ, పైన రెండు ముళ్ళు, వేసినవి వేసినట్టే ఉన్నాయి. సూపరింటెండెంట్ నా పక్కకొచ్చి కళ్ళు ఒత్తుకుంటూ, "విప్పేదానికి సేతులు రాలేదమ్మా" అన్నాడు.

ఆ చేతుల్నే చూశాను. తనది కాని ప్రతి మూటకూ చాచిన చేతులు, తన సొంత అన్నం మూట దగ్గర ఆగిపోయాయి. కరస్పాండెంట్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. లోపల ముందురోజు సాంబారు పులిసి, ముందు వరసలో అందరూ ముక్కులకు చేతిగుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. ముడి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.