ఒకటి నొక్కిన చేయి

మార్కాపురంలో పీర్ సాహెబ్‌కు మైకుసెట్ల దుకాణం ఉండేది. ఉర్సులకు, పెళ్లిళ్లకు, బట్టల షాపుల తగ్గింపు అమ్మకాలకు ఆయన ఆటో వీధులన్నీ తిరిగేది. అందులో వినిపించే గొంతు చాలా ఏళ్లు ఆయన కూతురు సమ్రీన్‌ది. ఆటో కదిలే ముందు ఆయన రోడ్డు మీద పోయేవాళ్లలో ఎవరినో ఒకరిని పిలిచి ఆ రోజు చాటబోయే మాట వినిపించేవాడు. బాగుందా అని అడిగేవాడు కాదు. "ఏం అర్థమైందో నువ్వు చెప్పు నాయనా" అనేవాడు. ఆ మనిషి వేరే ఏదో చెప్తే, మాట మార్చి కూతురి చేత మళ్లీ చదివించేవాడు.

సమ్రీన్ కంప్యూటర్లు చదివింది. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పైన సంజీవరావు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరింది. పలకల ఫ్యాక్టరీలకు, ఎరువుల కొట్లకు కావలసినవి చేసి ఇచ్చే ఆఫీసు అది. అక్కడ ఆమెకు ఒక పేరు వచ్చింది. అయింది అన్న మాట ఆమె దగ్గర చెల్లదు.

"అక్కా, అయింది," అనేది ప్రసన్న. సమ్రీన్ దగ్గర పని నేర్చుకుంటున్న గిద్దలూరు అమ్మాయి.

"ఏది అయింది? నీ కంప్యూటర్లోనా, వాళ్ల దగ్గరా? నీకెట్ల తెలిసింది?"

"బావ అన్నం తిన్నానన్నా ఇట్లనే అడుగుతావా ఏంది?"

"ఆయన్ని అడగను. గిన్నె చూస్తా."

ఊరికి దూరంగా, గుట్టల వైపు, ఒక పలకల గని ఉంది. రాయి పగలగొట్టడానికి తూటాలు పేల్చే ముందు అక్కడ సైరన్ వేస్తారు. గాలి ఎదురు తిరిగితే అది వినపడదు. చుట్టూ గొర్రెలు మేపేవాళ్లు తిరుగుతుంటారు. వాళ్ల ఫోన్లకు ముందే హెచ్చరిక వెళ్లాలని గనివాళ్లు అడిగారు. ఆ పని సమ్రీన్ చేసింది. గొంతు కూడా తనదే ఇచ్చింది.

"గనిలో తూటాలు పేలబోతున్నాయి. జీవాలను తోలుకొని దూరంగా వెళ్లండి. ఈ మాట విన్నవారు ఒకటి నొక్కండి."

నొక్కేదాకా ఫోను మళ్లీ మళ్లీ మోగుతుంది. నొక్కితే ఆఫీసు తెర మీద వాళ్ల పేరు పచ్చబడుతుంది. అందరి పేర్లూ పచ్చబడ్డాక ఆఫీసు నుంచి గనికి సరే అని కబురు వెళ్తుంది.

గనివాళ్లు తొందరపెట్టారు. ఆ మాటను ఈసారి రోడ్డు మీద ఎవరికీ వినిపించి చూడలేదు.

నిరుడు ఎండాకాలంలో గని గట్టు కింద చెన్నయ్య అనే కాపరి చనిపోయాడు. పేలుడుకు గట్టు అంచు విరిగి మీద పడింది. విచారణకు వచ్చినవాళ్లకు సమ్రీన్ ఆ రోజు రిపోర్టు తీసి ఇచ్చింది. చెన్నయ్య పేరు ఎదురుగా ఒకటి ఉంది. విన్నాడు, నొక్కాడు, లేవలేదు. అందరూ అలాగే చెప్పుకున్నారు. మన తప్పేమీ లేదని సంజీవరావు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పూట సమ్రీన్‌కు కూడా అన్నం సహించింది.

వానలు వెనకపట్టాక ఒక ఉదయం ఆమె ఏదో వెతుకుతూ రిపోర్టులు తెరిచింది. చెన్నయ్య పేరు పచ్చగా ఉంది. అది కిందటి పేలుడు రిపోర్టు. దానికి ముందుదీ పచ్చగానే ఉంది. ఆమె వెనక్కి వెనక్కి వెళ్లింది. అతను పోయిన తరువాత జరిగిన ప్రతి పేలుడుకూ అతని ఫోను ఒకటి నొక్కింది. బతికి ఉన్నవాళ్లందరి కంటే ముందు నొక్కింది.

ప్రసన్న కుర్చీ దగ్గరికి జరుపుకొని చూసింది.

"దయ్యమా ఏంది అక్కా?"

సమ్రీన్ నవ్వలేదు. ప్రసన్న కుర్చీ వెనక్కి జరుపుకుంది.

సంజీవరావు తేల్చేశాడు. "చచ్చినోడి నంబరు ఇంకా ఎందుకమ్మా? తీసేయ్. పోతది."

"తీసేస్తే కనపడకుండా పోతది సార్. ఎందుకట్ల వచ్చిందో తెలియదు గదా."

"తెలుసుకొని ఏం చేస్తావు?"

"చనిపోయిన మనిషి విన్నానంటా ఉన్నాడు. మిగతావాళ్లు విన్నారని ఎట్ల నమ్మేది? ఈ రోజు కూడా పేలుస్తారు. ఆపమని చెప్పండి."

"ఒక్క నంబరు కోసం గని ఆపుతారా? పో, పోయి చూసిరా. కారణం తెస్తే అప్పుడు చెప్తా."

ఆమె ఆటో మాట్లాడుకుని బయలుదేరింది. ఊరు దాటాక దారికి రెండు వైపులా పనికిరాని పలక ముక్కల గుట్టలు. వాటి మీద ఏమీ మొలవదు. ఎండ పడితే తడిసినట్టు మెరుస్తాయి. ఆటోలో కూర్చుని ఆమె తాను రాసిన ప్రోగ్రామును మొదటి నుంచి తలచుకుంది. కాల్ కలవకపోయినా ఒకటి పడుతున్నదా? ఎక్కడ? ఎక్కడా తప్పు కనపడలేదు. అదే ఆమెను భయపెట్టింది.

చెన్నయ్య ఇల్లు పల్లె చివర. భార్య వీరమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. వచ్చిన మనిషి ఎవరని అడగలేదు. చాప వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది.

"పెద్దమ్మా, చెన్నయ్యగారి ఫోను ఎవరి దగ్గర ఉంది?"

"యాడికి పోతది? అదిగో."

కిటికీలో ఉంది. బొత్తాల మీద అంకెలు అరిగిపోయిన చిన్న ఫోను. చార్జింగు తీగ తగిలించి ఉంది.

"ఎవరు మాట్లాడతారు దాంట్లో?"

"ఎవరూ మాట్లాడరు. చార్జింగు పెట్టకపోతే ఆరిపోతది గదా పాపా. అందుకని పెడతా."

ఇంకేదో అడిగే లోపల ఫోను మోగింది. వీరమ్మ లేచి వెళ్లి తీసింది. ఆ నిశ్శబ్దంలో చెవికి పెట్టుకోకుండానే వినపడింది. గనిలో తూటాలు పేలబోతున్నాయి. సమ్రీన్ గొంతు. చనిపోయిన మనిషి ఇంట్లో, తన గొంతు, తాను నోరు తెరవకుండా మాట్లాడుతున్నది. జీవాలను తోలుకొని అనే దాకా వచ్చింది. వీరమ్మ బొటనవేలు ఒకటి మీద పడింది. గొంతు ఆగిపోయింది.

ఆమె ఫోను మళ్లీ కిటికీలో పెట్టి వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, పూర్తిగా వినలేదే?"

"ఏందమ్మా వినేది? ఆ పిల్ల ఎప్పుడూ ఒకటే సదువుతది. ఒకటి నొక్కితే నోరు మూస్తది. మా ఆయన నేర్పించినాడు."

సమ్రీన్ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఆయన కూడా అట్లనే నొక్కేవాడా?"

"మరి? మొదట్లో లేచి తోలుకొచ్చేవాడు పాపం. యాడా, ఏమీ పేలేది కాదు. ఉత్తుత్తికే మోగేది. అన్నం కాడ మోగేది, నీళ్లు పోసుకుంటా ఉంటే మోగేది. ఇంక విసుగొచ్చి ఒకటి నొక్కి జేబులో ఏసుకునేవాడు."

ఉత్తుత్తికే మోగిన కాల్స్ ఏవో సమ్రీన్‌కు తెలుసు. మొదటి నెలల్లో ఏ మార్పు చేసినా, పని చేస్తున్నదో లేదో చూడటానికి కాపరుల నంబర్లకే పంపేవాళ్లు. పరీక్షకు వేరే నంబర్లు పెట్టుకోవాలని ఆమె ప్రసన్నకు ఎన్నోసార్లు చెప్పింది. అవి పెట్టుకునేసరికి ఎండాకాలం దాటిపోయి వానలు వచ్చాయి.

బయట గాలి లేదు. దొడ్డి వైపు చూస్తే ఖాళీగా ఉంది.

"గొర్రెలు అమ్మేసినారా?"

"అమ్మితే ఎట్ల బతికేది? మా మరిది రామయ్య మేపుతా ఉండాడు. ఈ పొద్దు గని పక్క గట్టు మీదికి తోలినాడు. అక్కడ గడ్డి పచ్చగా ఉందంట."

"ఆయనకు ఫోను ఉందా?"

"ఆయనకేంది ఫోను?"

సమ్రీన్ అప్పటికే ప్రసన్నకు ఫోన్ చేస్తున్నది.

"అక్కా, అన్నీ పచ్చగా ఉన్నాయి. సార్ సరే పంపమంటాండాడు, నేను నీ కోసమే..."

"పంపొద్దు. విను. గని పక్క గట్టు మీద మనిషి ఉన్నాడు. పేరు రామయ్య. ఫోను లేదు. నేను ఏం చెప్పినానో చెప్పు."

"గట్టు మీద మనిషి. రామయ్య. ఫోను లేదు."

"గనివాళ్లకు ఇంతే చెప్పు. చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించు. సరే అంటే పెట్టేయొద్దు. ఈ మాటలు వాళ్ల నోట్లోంచి రావాల."

"సార్ అడిగితే?"

"కారణం దొరికిందని చెప్పు."

వీరమ్మ గింజలు తీయడం ఆపింది. గుట్ట వైపు చూస్తూ కూర్చుంది. సమ్రీన్ కూడా అటే చూసింది. చప్పుడు వినపడకూడదని ఎదురుచూడటం ఆమెకు అంతకుముందు తెలియదు. ఒక తీతువు అరిచింది. మళ్లీ ఏమీ లేదు. ఫోనులో ప్రసన్న గొంతు వచ్చింది.

"తిరిగి చెప్పినారు అక్కా. మనిషిని పంపినారు."

కొంతసేపటికి గట్టు మలుపులో దుమ్ము లేచింది. గొర్రెలు దిగివచ్చాయి. వాటి వెనక రామయ్య, మెడలో తువ్వాలు వేసుకుని, గనివాళ్లను తిట్టుకుంటూ వచ్చాడు.

"ఏం రోగమొదినా వీళ్లకు, మేతలో ఉన్న జీవాలను తోలమంటారా?"

వీరమ్మ సమ్రీన్ వైపు తిరిగింది. చాలా నెమ్మదిగా అడిగింది.

"ఆ పిల్లవు నువ్వేనా?"

సమ్రీన్ తల ఊపింది.

"అట్లనా," అంది వీరమ్మ. గింజల మీద చేయి పెట్టింది గాని తీయలేదు.

ఆ తరువాత సమ్రీన్ ఆ మాటను మార్చింది. ఫోన్లకు పంపే ముందు ఆ పల్లెకు వెళ్లి కాపరులకు వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల నోట చెప్పించుకుంది. ఇప్పుడు ఫోను ఒకటి నొక్కమని అడగదు. ఎక్కడ ఉన్నారు, జీవాలు ఎక్కడ ఉన్నాయి అని అడుగుతుంది. జవాబు గొంతుతో చెప్పాలి. ఆఫీసులో ఒక మనిషి అది వినాలి. దీనికొక మనిషి దండగ అని సంజీవరావు సణిగాడు. విచారణ చేసినవాళ్లకు సమ్రీన్ మళ్లీ రాసింది. ఒకటి నొక్కడం అంటే మోత ఆపడమే, ఆ రోజు చెన్నయ్య విన్నాడని మేము చెప్పలేము, అని. అక్కడి నుంచి జవాబు రాలేదు.

చెన్నయ్య పేరు తీసి రామయ్య పేరు పెట్టింది. జాబితాలో పేరు ఉన్న మనిషే గట్టు మీద ఉండాలి. చెన్నయ్య ఫోను ఇప్పుడు రామయ్య జేబులో ఉంటుంది. పేలుడు రోజున ఆమె చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని వింటుంది. ముందు గాలి వస్తుంది. తరువాత గొర్రెల గంటలు. రామయ్య మాట్లాడటానికి కొంచెం సేపు పడుతుంది. ఆ కాసేపు, అవతల మాట్లాడబోయేది ఎవరో తెలియనట్టు ఆమె కూర్చుంటుంది.

నిరుటి ఎండాకాలపు రిపోర్టులో మాత్రం ఆ ఒకటి అలాగే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పచ్చగా ఉంది.