కత్తి పక్కన పెట్టిన చెయ్యి

మా బామ్మర్దికి సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, గోడంతా అద్దం. తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు మళ్లీ మందు ముట్టలేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు మొదలైంది కొత్త తంటా. గడ్డం గీస్తూ గీస్తూ మనిషి ఉన్నట్టుండి ఆగిపోతాడు. కళ్లు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకడు.

మళ్లీ మొదలెట్టాడనుకున్నాం. మా ఆవిడ దుకాణానికి వెళ్లి, క్రాఫు కోసం కూర్చున్నవాళ్ల ముందే తమ్ముడి చేత నోరు తెరిపించి వాసన చూసింది. ఏ వాసనా లేదు. అయినా దులిపేసింది. నేనూ నాలుగు అంటించాను, నా నోరు ఊరుకునే రకం కాదు.

వాడు తలొంచుకున్నాడు. "తాగలేదక్కా. అద్దంలో గడ్డం గీస్తున్నవాడెవడో నాకు తెలీట్లేదు. ఆ చేతులు నావి కావనిపిస్తోంది."

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. తాగుడు మానిన కొందరికి ఇలా అవుతుందట. మనసు ఒంటికి దూరంగా జరిగి నిలబడుతుందట. పిచ్చి కాదు, దగ్గరే కనిపెట్టుకుని ఉండండి అంది. అలా అనిపించగానే చల్లటిదేదైనా గట్టిగా పట్టుకోమంది. గడ్డం గీశాక తెగినచోట రుద్దే పటిక ముక్కను వాడు ఎంచుకున్నాడు.

ఈలోపు వీధంతా గుప్పుమంది. గొంతు మీద కత్తి పెట్టేవాడికి మతి ఉండదంటే ఎవడు కూర్చుంటాడు? కుర్చీలు ఖాళీ. "దుకాణం ఎవరికైనా ఇచ్చేస్తా బావా," అన్నాడొకరోజు. ఈ పని కూడా పోతే వాడు నేరుగా సీసా దగ్గరికే పోతాడు. నాకు ఒళ్లు మండింది. వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"ఆ కబుర్లు తర్వాత. ముందు నా గడ్డం సంగతి చూడు."

రెండు చెంపలూ అయ్యాయి. కత్తి గొంతు దగ్గరికొచ్చింది. అద్దంలో వాడి చూపు ఎటో జారిపోవడం చూశాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో వాడి చెయ్యి పైకి లేచింది. మెల్లగా కత్తి మడిచి బల్లమీద పెట్టి, పటికను అందుకుంది. తన చేతులే తనవి కాకుండా పోతున్న మనిషి, ముందు నా గొంతును కాపాడాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంత వింత నేను చూడలేదు. కదలకుండా అలాగే కూర్చున్నాను.

చాలాసేపటికి వాడి పిడికిలి సడలింది. నావైపు చూశాడు.

"భయమేసిందా బావా?"

"వెయ్యదా మరి?"

"లేచి వెళ్లిపోవాల్సింది."

"ఎలా వెళ్తాను? నువ్వింకా వెనక్కి రాలేదుగా."

వాడి కళ్లు నిండాయి. మొహం పక్కకు తిప్పుకుని, నా గొంతు మీద ఆరిపోయిన నురగను మళ్లీ తడపడం మొదలుపెట్టాడు.