నాలుగు కాగితాల్లో ఒక యాపమాను

దొంగ భూపత్రాలు సృష్టించిన ఒక ముఠా ఉదంతాన్ని వ్యంగ్య చిత్రంగా తీస్తున్నామని దర్శకుడు నన్ను పిలిచినప్పుడు నేను ఒకే షరతు పెట్టాను: తెరపై కనిపించే ప్రతి తేదీ ముందుగా నా కన్ను దాటాలి. దస్తావేజులు రాయడం నా వృత్తి. తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం తప్ప మరి దేనినీ నేను సాక్ష్యంగా ఎంచలేదు.

చిత్రీకరణ కోసం కళ్యాణదుర్గంలో ఒక శెనక్కాయల గిడ్డంగిని ప్రభుత్వ కార్యాలయంగా మార్చారు. మొదటి రోజే తప్పు పట్టాను. మండలాలు ఏర్పడక మునుపటి తేదీ వేసిన దొంగ పత్రంలో ‘మండలం’ అని ఉంది; ఆనాడు ఉన్నవి తాలూకాలు. దర్శకుడు నవ్వి, దానిని దిద్దనివ్వలేదు. చిత్రంలో ముఠా నాయకుడు పట్టుబడేది ఆ ఒక్క మాటతోనే.

నమూనాకు అసలైన పాత కాగితం కావాలన్నారు. మా ఊరి రైతు ఒకరి వద్ద తెల్లకాగితంపై రాసిన పంపకాల పత్రం ఉంది. ఆయన తండ్రీ చిన్నాన్నా చేను పంచుకున్నప్పుడు, వృత్తిలో కొత్తగా చేరిన నేనే దానిని రాశాను. చేని హద్దులకు అదొక్కటే ఆధారం. నేను పూచీ అని చెప్పి ఇప్పించాను. చిత్రబృందం వారు పాత కాగితాల అంగడిలో ఖాళీ పుటలు కొని, నా చేతిరాతను అనుకరించి, టీ డికాషనులో ముంచి, ఎర్రమన్ను రుద్ది మూడు నకళ్ళు చేశారు. పని ముగిశాక నాలుగూ ఒకే సంచిలో తిరిగి వచ్చాయి.

“ఏమన్నా, నాలుగుండాయే! నా చేను నాలుగింతలాయనా?” అన్నాడు రైతు.

“ఉండప్పా, సూస్తాండా.”

“సోమవారం సర్వేవోళ్లు వస్తారు. దొంగది సూపిస్తే సినిమాలో మాదిరి నన్నే పట్టుకపోతారు. పూచీ అంటివి కదన్నా!”

తేదీలు సరిచూశాను, ఒకటే. విస్తీర్ణమూ ఒకటే. మడతల దగ్గరి చిరుగులు సైతం ఒకటే. ఇక హద్దులు చదివాను. మూడింటిలో ‘తూర్పున వేపచెట్టు’, ఒకదానిలో ‘తూర్పున యాపమాను’. చెట్టు అదే, మాట మాత్రం ఊరిది; నా పత్రాల్లో అటువంటి మాట దొర్లదు. ఆ ఒక్కదానిని దొంగదిగా పక్కన పెట్టాను.

“అది యాల పక్కన పెడితివి?”

“యాపమాను అని ఉండాది. నేనట్ల రాయను.”

“నువ్వు రాయవులే, మా నాయన రాయించినాడు! వేపచెట్టంటే మా చిన్నాయనకు తెలీదని, మొదటి కాగితం చించి మళ్లీ రాయించినాడంట. ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాము.”

చించిన కాగితం నాకూ గుర్తుకు వచ్చింది. ఎంచి చూస్తే తర్కమూ అదే చెబుతోంది: నకలు తీసే చదువుకున్నవాడు యాపమానును వేపచెట్టుగా దిద్దుతాడు, వేపచెట్టును యాపమానుగా మార్చడు. పక్కన పెట్టినదే అసలు. మిగిలిన మూడింటిపై ‘నకలు’ అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను.

సోమవారం నేనూ చేనికి వెళ్ళాను. సర్వేయరు పత్రం చదివి తల ఎత్తాడు.

“యాడప్పా ఈ యాపమాను?”

“దాని నీడలోనే నిలబడినావు కదా సారూ!”

కొలత అక్కడి నుంచే మొదలైంది.