కొత్త మానిటరూ ఓబళప్ప భయమూ

వల్లూరు సోలార్ పార్కులో ఓబళప్ప భయపడని వస్తువంటూ లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ. దొంగలు తనను చూసి భయపడాల్సింది పోయి, తనే గేటు తాళానికి భయపడేవాడు. వేస్తే లోపలివాళ్లు ఇరుక్కుపోతారని, వేయకపోతే మేకలు దూరతాయని. దేనికైనా ఆయనది ఒకటే మాట: "ఏమన్నా అయితే ఎట్ల?"

కంట్రోల్ రూములో కూర్చునే మల్లిక ఆ మాటకు రోజూ నవ్వుకునేది. ఆమె ఫ్లాస్కు మూత తీసినా, ఫ్యాను వేసినా గుమ్మంలో నిలబడి అదే అడిగేవాడు. ఫ్లాష్ వెలుగుకు కళ్లు పోతాయని తన పెళ్లి ఫోటోలన్నిటిలోనూ కళ్లు మూసుకునే ఉన్నాడట.

కొత్త మానిటర్ వచ్చిన రోజు మాత్రం మల్లికకు నవ్వడానికి తీరిక దొరకలేదు. సూపర్‌వైజర్ నాగరాజ దాన్ని బిగించి, తెర మీద వేలు పెడితే ఊరుకోనని చెప్పి వెళ్లాడు. ఆ తెర వెలుగుకు తట్టుకోలేక ఆమె సాయంత్రం దాకా కళ్లనీళ్లు తుడుచుకుంటూనే కూర్చుంది.

మరునాడు పొద్దున ఆమె స్విచ్చి వేసింది. నిన్న ధగధగలాడిన తెర మబ్బుపట్టి ఉంది. ఎరుపేదో, గోధుమరంగేదో తెలియడం లేదు. అక్కడక్కడా బొబ్బల్లాంటి మచ్చలు. వైర్లు పీకి పెట్టింది, ఆపి మళ్లీ వేసింది. మచ్చలు కదల్లేదు. మల్లిక వాళ్ల వేరుశనగ చేను ఈ పార్కు ప్యానెళ్ల కిందికి పోయింది. పార్కు ఇచ్చే కౌలు ఏడాదికోసారి వస్తుంది, నెల గడిచేది ఈ జీతంతోనే. ఉద్యోగమా, ఇంకా పర్మనెంట్ కాలేదు.

"తాతా, నిన్న నేనేమన్నా తప్పు నొక్కినానా?" అని గుమ్మంలో నిలబడ్డ ఓబళప్పను అడిగింది.

ఓబళప్ప తెరను చూసి వెనక్కి జరిగాడు. "పేలిపోదు కదా పాపా? ఏమన్నా అయితే ఎట్ల?"

ఈయన దగ్గర ధైర్యం వెతుక్కోవడం తన బుద్ధి తక్కువనుకుంది మల్లిక.

మధ్యాహ్నానికి అనుకున్నంతా అయింది. ఒక ఇన్వర్టర్ వేడెక్కితే తెర మీద వెలిగిన ఎర్ర గుర్తు ఆమెకు కనబడనే లేదు. బయట పనివాళ్లు చూసి ఆపారు కాబట్టి సరిపోయింది. నాగరాజ బైకు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. కొత్త సామాను ఒక్కరోజులో పాడుచేశావని, రేపటినుంచి రావద్దని అరిచి, పై ఆఫీసుకు చెప్పడానికి ఫోన్ తీశాడు.

ఈ భూమ్మీద ఓబళప్ప అన్నిటికంటే ఎక్కువగా భయపడేది నాగరాజకే. ఆ బైకు చప్పుడు వింటే గోడకు అతుక్కుపోయేవాడు. అలాంటివాడు ఇప్పుడు గోడ వదిలి లోపలికొచ్చాడు.

"ఫోన్ పెట్టు సార్. ఆ పాప ఏం చేయలేదు. రాత్రి తెరకు నేనే అంటించినా."

అంటించింది కారు అద్దాలకు వేసే నల్ల కూలింగ్ పేపర్. అంచుల దాకా ఎంత ఒద్దికగా కోశాడో, ఆయనే మూల పట్టి లాగేదాకా అక్కడ పొర ఉందని ఎవరికీ తెలియలేదు. అది ఊడగానే తెర తళతళలాడింది.

"గేటు పనికి రాకముందు ఎండలో ప్యానెళ్లు తుడిచి తుడిచి నా కండ్లు మసకబారినాయి సార్. నిన్న ఈ పాప కండ్లలో నీళ్లు చూసినా. పాపకూ నా మాదిరి ఏమన్నా అయితే ఎట్ల?" ఓబళప్ప మల్లిక వైపు తిరిగాడు. "పొద్దున్నే చెప్పాల్సింది. నా కాగితానికే అది పేలుతాదేమోనని నోరు రాలేదు."

నాగరాజ ఫోన్ జేబులో పెట్టుకుని, మానిటర్ వెలుతురు తగ్గించి వెళ్లిపోయాడు. మల్లిక మళ్లీ కళ్లు తుడుచుకుంది, ఈసారి తెర వెలుగుకు కాదు.

"రేపు పావగడ కంటి ఆసుపత్రిలో నీ కండ్లు చూపిద్దాం తాతా."

ఓబళప్ప మళ్లీ గోడకు అతుక్కున్నాడు. "కండ్లలోకి టార్చి ఏసి చూస్తారంట పాపా. ఏమన్నా అయితే ఎట్ల?"

మల్లిక ఊడిన కూలింగ్ పేపర్‌ను జాగ్రత్తగా చుట్ట చుట్టింది. "దీన్నీ తీసుకుపోదాం. డాక్టర్ టార్చికి అంటిద్దాం."

ఓబళప్ప గోడ వదిలి, అట్లయితే వస్తానన్నాడు.