డార్సీ మెట్ల మీద రకూన్ల గిన్నె

మా సందులో ఉండే ఇదలీనా ఫుర్తాదు ఒక సాయంత్రం రకూన్ల నోటి ముందు కూడు లాక్కుని, గిన్నె అడుగు కనిపించేదాకా తానే తినేసింది. టొరంటోలో ఈ మాట నమ్మనివాళ్లుంటే నా దగ్గరికి రండి. నేను చదువు సగంలో మానేసిందే ఇలాంటివి దగ్గరుండి చూడ్డానికి.

ఆ కూడు పెట్టేది పక్కింటి డార్సీ. పట్టపగలే మెట్ల మీద పిల్లుల మేత పోస్తాడు. కళ్లకి నల్లగంతలు కట్టుకున్న బొద్దు పిల్లుల్లాంటి ఆ రకూన్లు వచ్చి బుల్లి చేతులతో తడుముకుంటూ తింటుంటే ఫోనులో వీడియోలు తీస్తాడు. ఒకప్పుడు చెత్తడబ్బా మూత తీస్తూ మనిషి అలికిడికే పారిపోయిన జంతువులు ఇప్పుడు మనమే పక్కకి తప్పుకోవాలన్నట్టు చూస్తాయి. తిన్నచోట దొడ్డికి కూర్చోవు, అంత మర్యాదస్తులు. కంచె దాటి ఇదలీనా షెడ్డు కప్పు ఎక్కుతాయి. రోజూ అదే చోట, కుప్పగా. ఆమె మూతికి గుడ్డ కట్టుకుని గీకి, మరిగే నీళ్లు పోసి దిగేది. తెల్లారేసరికి మళ్లీ తయారు.

షెడ్డు చూరు కిందే ఆమె మనవడు రూయి ఆడుకునే ఇసుక. ఆ పెంటలో ఉండే పురుగు పిల్లల కళ్లకీ మెదడుకీ పాకుతుందని డాక్టరు చెప్పాడట. ఇది ఆగేదాకా పిల్లవాణ్ణి ఈ గడప తొక్కనివ్వనని కూతురు తేల్చేసింది. ముసలామె వెళ్లి డార్సీతో చెప్పుకుంది. పాపం మూగజీవాలు, నన్ను నమ్ముకున్నాయి బామ్మా అని అతను నవ్వాడు.

"నమ్మేది నిన్నూ, దొడ్డికొచ్చేది నా ఇంటికీనా? అంత ప్రేమైతే నీ పడగ్గదిలో పెట్టుకో నాయనా," అంది.

అతను దాన్నీ వీడియో తీసి లోకం మీదికి వదిలాడు. చూసినవాళ్లంతా ఆమెను రాక్షసి అన్నారు. పిల్లవాడి ఊసు ఒక్కడూ ఎత్తలేదు. నాకే ఒళ్లు మండిపోయింది. ఆమె నెత్తిన మూకుడు పెడితే ఉప్పుచేప వేగిపోయేది.

ఆ సాయంత్రమే వెళ్లి డార్సీ మెట్ల మీద, గిన్నె పక్కనే కూర్చుంది. తల్లి రకూను పిల్లలతో వచ్చి, కాస్త జరుగు అన్నట్టు ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఆమె జరగలేదు. డార్సీ ఫోను ఎత్తాడు. ఆమె గిన్నె ఎత్తింది.

అక్కణ్ణించి కథ నేను ఊరంతా చెప్పాను. మొన్న రొట్టెల కొట్లో నలుగురినీ కూర్చోబెట్టి చెబుతుంటే, ఆమె నా వెనకే నిలబడి ఉంది.

"తినలేదు," అంది. "మురుగులో పోశాను. వాడు కొత్త బస్తా తెచ్చుకున్నాడు. రూయి ఇంకా రాలేదు."