వాగులోంచి మా బావ పలికాడు

మాది దయ్యాల ముచ్చట్లకు చోటు లేని ఇల్లు. ఎవరికో గాలి సోకిందనో, చనిపోయినవాళ్లు కనబడ్డారనో ఎవరైనా అంటే మా అమ్మ వెంటనే ప్రార్థన మొదలుపెట్టేది, మా నాన్న పక్కకు తిరిగి నవ్వేవాడు. నేను నాన్న పార్టీ. ఊళ్లో ఎవరు అలాంటి కథ ఎత్తుకున్నా "ఎవరు చూసిండ్రు, ఏడ చూసిండ్రు" అని అడిగి నోరు మూయించేదాకా వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు అవే ప్రశ్నలు నన్ను అడుగుతున్నారు. నేను చూసింది ఏమీ లేదు, విన్నాను అంతే. నాతో పాటు ఇంకో ఇద్దరు విన్నారు.

కొల్లాపూర్ దాటి నల్లమల అంచుకు పోతే వచ్చే చిన్న ఊరు మాది. ఊరికీ గుట్టకూ మధ్య మామిడి తోటలు ఉంటాయి. ఆ తోటలు మావి కావు, వాటిలో కాయలు కోసేవాళ్లం మేము. వానాకాలం పొలం పని, తర్వాత వలస. ఎండాకాలంలో మాత్రం మాలో కొందరికి అడవిలో మంటలు లేవకుండా కాపలా కాసే పని దొరికేది. వాన పడిందంటే ఆ పని పోయినట్టే. ఊరంతా వాన కోసం మొక్కుతుంటే, ఇంకొన్నాళ్లు ఆగితే బాగుండు అని లోపల అనుకునేవాళ్లం మేమే.

నన్ను ఆ పనిలో పెట్టించింది మా బావ శాంతయ్య, మా అక్క రాజమ్మ భర్త. ఆయనది గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దు పక్కన ఒక పల్లె. పెళ్లయ్యాక మా ఊళ్లోనే ఉండిపోయాడు. మాటల్లో కన్నడం కలిసేది. అన్నం ఇంకొంచెం పెట్టబోతే "సాకు సాకు" అనేవాడు, ఎవరినైనా రమ్మనాలంటే "బర్రి" అనేవాడు. ఇంట్లో అక్క ఆయన్ని ఆ మాట మీద ఊరికే ఆట పట్టించేది. "నన్ను బర్రె అంటుండు చూడు మీ బావ" అని నాకు ఫిర్యాదు చేసి తనే నవ్వేది. అక్క నవ్వగా చూసి చాలా కాలమైంది.

మా ఊరికి రాకముందు బావ చాలా ఏళ్లు బండలు పేల్చే పనులకు పోయాడు. అక్కడ ఒక పద్ధతి ఉండేదట. బండకు మందు కూరాక, వత్తి అంటించే ముందు మేస్త్రీ ఒక్కొక్కరి పేరు గట్టిగా పిలుస్తాడు. పిలిచినవాడు తానున్న చోటు నుంచి "ఉన్న" అని పలకాలి. అందరూ పలికితేనే వత్తికి నిప్పు. ఒక్కరు పలకకపోయినా పని ఆగిపోవాల్సిందే. ఒకరి బదులు ఇంకొకరు పలికితే మాత్రం మేస్త్రీ చెంప పగలగొట్టేవాడట. ఆ రాతి దుమ్ము పీల్చి పీల్చి బావకు దగ్గు పట్టుకుంది. ఏ మాట చెప్పబోయినా ముందు ఒక పొడి దగ్గు వచ్చేది.

ఆ పిలుపు పద్ధతినే బావ మా అడవి పనిలోకి తెచ్చాడు. గుట్ట మీద ఫోన్లు కలవవు. మంట పెద్దదై కిందికి వస్తుంటే, దానికి ఎదురుగా ఒక వరస ఆకు ఊడ్చి, ఆ వరసకు అవతల, మంట వైపున్న ఆకుకు మేమే నిప్పు పెడతాం. దాన్ని ఎదురు మంట అంటాం. అసలు మంట అక్కడికి వచ్చేసరికి కాలడానికి ఏమీ దొరకక ఆగిపోతుంది. కానీ రెండు మంటల మధ్య మనిషి చిక్కుకుంటే ఇక అంతే. అందుకే నిప్పు పెట్టే ముందు పేర్లు పిలవాలని బావ పట్టుబట్టాడు. బడిలో హాజరు వేసినట్టుందని నేను నవ్వాను. "ఎవడన్న పలుకకుంటే నవ్వు మల్ల" అన్నాడు.

ఆ ఏడు చలికాలంలో చినుకు లేదు. మామిడి పూత మీద పడే జల్లు కూడా పడలేదు. శివరాత్రి ఇట్లా పోయిందో లేదో వడగాలి అందుకుంది. ఎండిన వెదుర్లు గాలికి టపటపా కొట్టుకునేవి. మధ్యాహ్నం బయట తిరగవద్దని ఫోన్లకు రోజూ మెసేజ్ వచ్చేది. మా పనే మధ్యాహ్నం బయట తిరగడం, కాబట్టి చదివి జేబులో పెట్టుకునేవాళ్లం. పొద్దుట పూట గాలి కృష్ణ వైపు నుంచి వచ్చి గుట్ట ఎక్కుతుంది. ఎండ ముదిరాక కాసేపు ఆగుతుంది. ఆగిన తర్వాత ఎటు తిరుగుతుందో మాలో ఎవరికీ తెలిసేది కాదు.

అది ఇప్పపూలు రాలే కాలం. ఎండుటాకుల మీద పడిన పూలు ఏరడం కష్టమని చెట్ల కింద ఆకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. మా అవ్వల కాలం నుంచీ ఉన్నదే. నేలలో తడి ఉన్న ఏడు ఆ నిప్పు చెట్టు కిందే ఆరిపోతుంది. ఈసారి తడి ఎక్కడిది? ఆ రోజు పొద్దున గుట్ట వాలులో పొగ లేచింది. ఎవరి చెట్టు కింది నిప్పో తెలియదు, తెలుసుకుని చేసేదీ లేదు.

మేము నలుగురం పోయాం. మా జట్టుకు పెద్ద బాలస్వామి, కాస్త మెట్ట చేను ఉన్న రైతు. తెలకపల్లి వైపు నుంచి కొత్తగా పనిలో చేరిన కుర్మయ్య, బావ, నేను. మంట ఆగకపోతే తోటల్లోకి, తోటల నుంచి ఊరి మీదికి వస్తుంది. ఎదురు మంట తప్పదన్నాడు బాలస్వామి. పైన పూలు ఏరే ఆడవాళ్లు ఇంకా ఉన్నారేమోనని బావకు అనుమానం వచ్చింది.

"నేను మీదికి పోయి చూసొస్త. వాగులకెల్లి దిగుత. పిలువు, పలుకుత" అని బాలస్వామికి చెప్పాడు. తువ్వాల తడిపి తలకు చుట్టుకున్నాడు. నేనూ వస్తానంటే, ఆకు ఊడ్చే చేతులు తక్కువైతాయని వద్దన్నాడు.

వాగు అంటే నీళ్లున్న వాగు కాదు. మేము ఊడ్చే చోటుకు ఎడమ పక్కన, దిగువలో, ఉత్త ఇసుక వాగు. మంట మీద పడితే పారిపోవడానికి అదొక్కటే చోటు.

ఊడ్చి ఊడ్చి చేతులు పొక్కాయి. పైన, బావ పోయిన వైపంతా పొగ కమ్మేసి చాలాసేపైంది. ఆడవాళ్లను తీసుకుని ఎప్పుడో దిగి ఉంటాడనే అనుకున్నాం. మంట చప్పుడు వినిపించేంత దగ్గరికి వచ్చింది. గాలి ఆగింది. బాలస్వామి పేర్లు పిలిచాడు. కుర్మయ్య పలికాడు, నేను పలికాను. తర్వాత "శాంతన్నా" అని పిలిచాడు.

జవాబు లేదు. బాలస్వామి చేతిలో నిప్పు కట్టె అట్లాగే ఆగింది. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. అప్పుడు వాగులోంచి పొడి దగ్గు వినిపించింది. వెంటనే "ఉన్న" అని. కాస్త ఆగి "బర్రి" అని.

"బర్రి అంటుండు, ఏంది?" అని కుర్మయ్య నన్ను అడిగాడు. రమ్మంటున్నాడని చెప్పాను. బాలస్వామి ఊపిరి వదిలి నిప్పు పెట్టాడు.

ఎదురు మంట పెట్టాక మేము అక్కడే నిలబడాలి. నిప్పు ఊడ్చిన వరస దాటి వెనక్కి రాకుండా కొమ్మలతో కొట్టాలి. ఆ రోజు మాత్రం బావ రమ్మన్నాడు కదా, ఏదో చూసే పిలిచి ఉంటాడని ముగ్గురం వాగులోకి దిగాం. ఇసుకలో కాలు పెట్టామో లేదో గాలి తిరిగింది. మేము అంతవరకు నిలబడిన చోటు ఒక్కసారిగా అంటుకుంది. అక్కడే ఉండి ఉంటే ఈ సంగతి చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

వాగులో బావ లేడు. ముగ్గురం కలిసి పిలిచాం. పైకీ కిందికీ వెతికాం. కాలు దిగబడే పొడి ఇసుక, మనిషి నడిస్తే గుర్తు పడి తీరాలి. మా అడుగులు తప్ప ఇంకో అడుగు కనబడలేదు. పైకి పోదామంటే దారంతా మంటే.

మంట చివరికి దున్నిన తోట గట్టు దగ్గర ఆగింది. పొద్దు వాలేవేళకు నేల మీద కాలు పెట్టే వీలు చిక్కింది. పైకి ఎక్కాం. బావ ఒక ఇప్పచెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆ చెట్టు కింద ఆకు ముందే కాల్చి పెట్టుకున్నారు కాబట్టి మంట చుట్టూ తిరిగి పోయింది. ఒంటి మీద బొబ్బ లేదు. తలకు చుట్టిన తువ్వాల ఎండిపోయి ఉంది. పక్కనే సీసాలో నీళ్లు ఉన్నాయి. ఆడవాళ్లు పొగ లేవకముందే ఇళ్లకు పోయారని తర్వాత తెలిసింది. ఎవరూ లేని చోటికి ఎవరినో తెద్దామని పోయాడు మా బావ.

నాగర్‌కర్నూల్ దవాఖానలో కోసి చూసిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, వడదెబ్బ అని చెప్పింది. గొంతులో మసి లేదట, ఊపిరితిత్తుల్లో పొగ లేదట. పొగ ఆయన దాకా రాకముందే ప్రాణం పోయిందట. ఆయన బాధపడి ఉండడు అన్నట్టు చెప్పిందామె, నన్ను ఓదార్చడానికి. కానీ బాలస్వామి పిలిచేటప్పటికి ఆ చెట్టు పొగలో మునిగి ఎంతసేపైందో మేము కళ్లారా చూశాం. అంటే "ఉన్న" అని మాకు వినబడేటప్పటికే ఆయన లేడు.

ఆ తర్వాత నేను వేయని లెక్క లేదు. ప్రతిధ్వని అనుకుందామంటే, మేమెవరం "బర్రి" అనలేదు. మేకల కాపరి ఎవరైనా పలికాడేమోనని చుట్టుపక్కల పల్లెలన్నీ అడిగి వచ్చాను, ఆ రోజు అటు పోయినవాళ్లు ఎవరూ లేరు. మా భ్రమ అనుకుందామంటే, కుర్మయ్యకు ఆ మాటే తెలియదు. మాకు పని ఇచ్చే ఫారెస్టు వాళ్లకు బాలస్వామి ఈ పిలుపు సంగతి చెప్పలేదు. తాగి పనికి పోయారంటారని భయపడ్డాడు. అలా అనరని నేనూ చెప్పలేకపోయాను.

అక్కకు మాత్రం సమాధి కార్యక్రమం అయ్యాక అంతా చెప్పాను. ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నది. చివరికి "నా పేరు గిట్ట ఎత్తిండా?" అని అడిగింది. లేదన్నాను. "ఆయన పలికిండని మీరు మీదికి పోలే" అన్నది. అప్పటికే ప్రాణం లేదక్కా అన్నాను. "నువ్వు చూసినవా?" అన్నది. అందరినీ నేను అడిగిన ప్రశ్నే అది. ఆ పలుకు మా ముగ్గురినీ బతికించిందని చెప్పి ఆమెకు ఏం ఓదార్పు ఇవ్వగలను?

నేను ఆ పని మానేశాను. కొల్లాపూర్‌లో పంక్చర్లు వేసుకుంటున్నాను. గుట్ట మాత్రం ఏటా కాలుతూనే ఉంది. ఎండ ఏటా ముందుగా వస్తోంది. ఊళ్లో కుర్రవాళ్లు ఆ పనికే పోతున్నారు, వేరే పని లేక. ఇదంతా ఎక్కడ ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో నాకు నమ్మకం లేదు.

గుట్ట మీద పొగ లేచిన రోజు అక్క మిట్టమధ్యాహ్నం వాగు ఒడ్డుకు పోతుంది. ఎండ దెబ్బ తగులుతుందని నీళ్ల సీసా పట్టుకుని నేను వెనకాల పోతాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని "ఏమయ్యా, ఉన్నవా" అని పిలుస్తుంది. ఆగుతుంది. వెదుర్ల చప్పుడు తప్ప ఏమీ రాదు. మొన్నటి ఎండాకాలం అట్లా పిలిచి పిలిచి నా వైపు తిరిగింది.

"మీకు పలికిండు గదరా తమ్మీ. నాకెందుకు పలుకడు?"

ఆమె మళ్లీ వాగు వైపు తిరిగింది. ఒక చెట్టు చాటుకు పోయి, బావలా దగ్గి, ఒక్కసారి "ఉన్న" అని అనేద్దామా అనిపించింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, అనగలను. నోరు కూడా తెరిచాను. కానీ ఒకరి బదులు ఇంకొకరు పలకకూడదని మాకు నేర్పింది ఆయనే. మరి ఆ రోజు పలికింది ఎవరో, ఆయనే అయితే పెళ్లాం పిలిస్తే ఎందుకు పలకడో నాకు తెలియదు. నోరు మూసుకుని నిలబడ్డాను. అక్క ఇంకోసారి పిలిచింది.