కళ్ళు మూసుకునే ఆట

మా బాలవాడి ఒక రైతు ధాన్యం కొట్టులో ఉండేది. గజపతినగరం నుంచి శృంగవరపుకోట పోయే దారిలో బస్సు దిగి, గట్ల మీద అరగంట నడిస్తే వచ్చే ఊరు. అరవయ్యో దశకం చివరి ఏళ్ళు. పంట ఇంటికొచ్చే రెండు నెలలు కొట్టు ఖాళీ చేసి పక్కనున్న పాకలోకి మారిపోవాలి, మిగతా కాలమంతా మాదే అని ఒప్పందం. ఎంత కడిగినా గోడలకు ఊక వాసన పోయేది కాదు. పిల్లల జుట్టు దువ్వితే పేలతోపాటు ధాన్యం పురుగులు కూడా రాలిపడేవి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బాలసేవిక శిక్షణ ముగించుకుని, లోకంలో నాకు తెలియనిది ఇంకేం మిగల్లేదనుకుంటూ ఆ ఊళ్ళో దిగాను. సర్కారువారు ఇచ్చినవల్లా ఒక అక్షరాల పటం, ఆరు పలకలు, పాలపొడి డబ్బాలు. తనిఖీకి వచ్చే ఆవిడకు పిల్లలు అఆలు గడగడా అప్పజెబితే చాలు, నవ్వుతూ సంతకం పెట్టి పోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నాలుగేళ్ళ పిల్లల చేతులు కట్టించి అరిపించడానికా నేను ఇంటిల్లిపాదితో పోట్లాడి వచ్చింది?

అందుకని ఒక ఆట పెట్టాను. అందరూ కళ్ళు మూసుకోవాలి. నేనో మాట అంటాను, ఏనుగనో, సముద్రమనో, పెళ్ళనో. అది కళ్ళలోకి వచ్చాక, వచ్చింది వచ్చినట్టు చెప్పాలి. "గట్టిగా తలుసుకోండి, తప్పకుండా వస్తాది" అని రోజూ అనేదాన్ని. ఆ మాట నాకే ఎంతో ముద్దుగా ఉండేది.

మొదట్లో సగంమంది ఒక కన్ను తెరిచి, ఉప్మా ఉడికిందా లేదా అని పొయ్యి వైపు చూసేవాళ్ళు. ఒక పిల్ల మాత్రం రెప్పలు బిగించి, పెదవి కొరుక్కుంటూ, నిజంగా చూసేది. నాలుగు దాటి అయిదు నిండని పిల్ల. ముక్కు ఎప్పుడూ కారుతూ ఉండేది. సముద్రం ఎన్నడూ ఎరగదు. సముద్రం ఎలా ఉందే అంటే, "మా సెరువే మేస్టరమ్మా, అవతలి గట్టు ఎవులో ఎత్తుకుపోనారు" అంది. ఆ రాత్రి మా అమ్మకు ఉత్తరం రాస్తూ ఆ మాట కూడా రాశాను. ఆ పిల్లను కన్నది నేనే అన్నంత గర్వం నాకు.

ఆ ఏడు ఆషాఢంలో వానలు ఆలస్యమైతే ఊళ్ళో కప్పతల్లిని ఆడించారు. కప్పను గుడ్డతో రోకలికి కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడవాళ్ళూ కప్ప మీద చెంబుడు నీళ్ళు పోసి వాన రమ్మని మొక్కుతారు. రోకలి పెద్దపిల్లలే మోశారు, మావాళ్ళను దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆ ఉక్రోషం వాళ్ళకు కార్తీకం దాకా చల్లారలేదు. ఓ రోజు ఏ ఆట ఆడదామని అడిగితే అందరూ ఒకటే పాట, కప్పతల్లి కావాలని.

కార్తీకమంటే వరి కోతలు. నేను రైతు బిడ్డనే. కోసిన పనలు చేలో ఆరుతున్నన్నాళ్ళూ మా ఇంట్లో వాన అన్న మాట ఎవరూ నోట పలికేవారు కాదు. మబ్బు పడితే నాన్న మాట్లాడకుండా చేత్తో చూపించేవాడు, అంతే. ఇవన్నీ తెలిసీ, శిక్షణలో నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో, అవన్నీ నాకు అంటవనుకున్నాను. చెరువు మట్టితో కప్పను చేశాం. మాకు వండిపెట్టే ఆయా దోసకాయలు తరగడం ఆపి నా వంక చూసింది.

"పనలు సేలో ఉన్నాయమ్మా. ఇప్పుడేటీ ఆట?"

మట్టికప్ప కోసం వాన వస్తుందా అని నవ్వేశాను. ఆవిడ మళ్ళీ దోసకాయల మీదికి వంగింది.

రోకలి ముందు కొస ఆ పిల్ల భుజం మీదే పెట్టాను. మిగతావాళ్ళు పాల గ్లాసులతో నీళ్ళు పోశారు. కొట్టు నేలంతా బురద. చివర్లో అందరినీ కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని వానను చూడమన్నాను. మిగతావాళ్ళకు వచ్చిందో లేదో గానీ, ఆ పిల్ల కళ్ళు మూసుకునే మొదలుపెట్టింది. "వస్తన్నాది. తాటిసెట్ల ఎనకాల నుంచి వస్తన్నాది. గట్టు దాటేసినాది. మేస్టరమ్మా, మన కొట్టు మీదికి వచ్చేసినాది." పిల్లలంతా కేకలు వేస్తూ తలల మీద చేతులు పెట్టుకున్నారు. నా ఉద్యోగంలో అంత గొప్ప రోజు లేదనుకున్నాను.

మూడో రోజు వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసింది. ఆ పిల్ల చెప్పినట్టే తాటిచెట్ల వెనకనుంచే వచ్చింది, మా ఊరికి తూర్పున, సముద్రం వైపు, ఉన్నవి ఆ తాటిచెట్లే కదా. చేలల్లో పనలు నీళ్ళ మీద తేలాయి. వాన వెలిసి చూసేసరికి కంకుల మీదే గింజలు మొలకెత్తాయి.

పిల్లలు ఆట సంగతి ఇళ్ళల్లో గొప్పగా చెప్పుకున్నారు. నా మొహం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. నూతి దగ్గరికి నేను వెళ్తే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు, అంతే. ఆ పిల్ల మాత్రం వారం రోజులు బడికి రాలేదు. వాళ్ళమ్మ దాన్ని వీపు వాచేలా కొట్టి, నీ వల్లే మునిగిపోయామందని ఆయా చెప్పింది. ఆ తల్లి మీద నాకు కోపం రాలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

వాళ్ళింటికి వెళ్ళాను. తాత వాకిట్లో చాపల మీద తడిసిన గింజలు ఆరబోస్తున్నాడు. పిల్ల తలుపు చాటునుంచి రాలేదు. అక్కడే కూలబడి చెప్పాను. వాన సముద్రంలో పుడుతుంది, ఎవరు పిలిచినా రాదు, ఎవరు వద్దన్నా ఆగదు, నీ తప్పేం లేదు తల్లీ అని. తాత తల ఎత్తకుండానే, "ఆషాఢంలో ఊరంతా పిలిస్తే పలకనేదు, ఈ గుంట పిలిస్తే వస్తాదేటి" అన్నాడు. ఆ ముసలాయన కాళ్ళ మీద పడాలనిపించింది.

పిల్ల మాత్రం నన్నే చూస్తోంది. "గట్టిగా తలుసుకుంటే వస్తాదని నువ్వే గదా సెప్పినావు" అంది.

"అది ఉత్తినే సెప్పినాను" అన్నాను. అంతకంటే చేతకాలేదు నాకు.

మర్నాడు తాతే దాన్ని భుజాన మోసుకొచ్చి దించాడు. కొట్టు ఖాళీ చేయమని ఆ ఏడు ఎవరూ అడగలేదు. పెట్టుకోవడానికి వాళ్ళకు ధాన్యముంటే కదా. ఒకటి రెండుసార్లు పాత ఆట ఆడించి చూశాను. అందరూ కళ్ళు మూసుకునేవారు. ఆ పిల్ల రెండు చేతులతో రెప్పలు పైకి పట్టుకుని కూర్చునేది. నీళ్ళు కారుతున్నా వదిలేది కాదు. ఎందుకే అంటే, "నాను సూస్తే వచ్చేస్తాది" అంది. నా ఉత్తినే అన్న మాటను అది ఒక్క రోజు కూడా నమ్మలేదు. ఊరినంతటినీ కాపలా కాస్తోంది. నేను ఆట మానేశాను. అక్షరాల పటం దించి అఆలు చెప్పించాను. తనిఖీకొచ్చిన ఆవిడ మెచ్చుకుంది.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. చుక్క వాన లేదు. కప్పతల్లిని కట్టేటప్పుడు రోకలి ఆ పిల్ల చేతే మోయించాలని ఊళ్ళో పెద్దవాళ్ళే అన్నారు. దాని పిలుపు తగులుతుందట. కొట్టిన తల్లే దానికి తలంటి, కొత్త గౌను తొడిగి తీసుకొచ్చింది. నేను వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. నడివీధిలో నెత్తిన నీళ్ళు కారుతుంటే, ఆ పిల్ల ఎనిమిది నెలల తర్వాత కళ్ళు మూసుకుంది. పెదవి తెల్లబడేదాకా కొరుక్కుంది.

వాన రాలేదు. పది రోజులైనా రాలేదు. ఆకుమడుల్లో నారు ఎండిపోయి ఊరంతా దిగులుతో చచ్చిపోతుంటే, నాకు లోపల ఎంత సంతోషంగా ఉండేదో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఎందుకంటే ఆ పిల్ల బడికి గెంతుకుంటూ వచ్చింది. "గట్టిగానే తలుసుకున్నాను మేస్టరమ్మా. అయినా రానేదు" అంది. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. వచ్చి నా ఒళ్ళో కూర్చుని, మనం కళ్ళు మూసుకునే ఆట ఆడదామని తనే అడిగింది.

అందరినీ కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకోమని, సముద్రం అన్నాను. అది ఏ భయం లేకుండా, హాయిగా కళ్ళు మూసుకుంది.

"ఏటి కనపడతన్నాదే?" అని అడిగాను.

"ఏటీ నేదు మేస్టరమ్మా" అంది, నవ్వుతూనే. "నల్లగా ఉన్నాది."